టైరుకి నలుపు పూసే ముందు దాని పుట్టిన తేదీ చూడండి



దసరా దగ్గరికొచ్చేసింది. సార్వా చేలు పొట్ట మీదున్నాయి. నీళ్ళు పెట్టొచ్చి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నా. ఈసారి ఎరువుల గురించి కాదు, దోమపోటు గురించీ కాదు. టైర్ల గురించి. "రెండెకరాల రైతుకి టైర్ల గోలేంటి బాబాయ్" అంటారని తెలుసు. చివరిదాకా చదవండి, మీ ఇంట్లో వాళ్ళకి సంబంధించిందే.

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. 1982 బండి, మార్క్ 4. మా నాన్న, మా చిన్నాన్న కలిసి 1988లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పట్లో మా ఊళ్ళో పురుడొచ్చినా, పాము కరిచినా, రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఆ కారే. అన్నవరం వ్రతాలకీ ఆ కారే, పెళ్ళికూతురు అత్తారింటికీ ఆ కారే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారు. నాన్న కూడా లేరు. కారు మటుకు పాకలో ఉంది. నెలకోసారి స్టార్ట్ చేస్తాం, దసరాకి పూజ చేస్తాం, ఎవరిదైనా పెళ్ళయితే తీస్తాం.

దసరా అనగానే మనందరం ఏం చేస్తాం? బండి కడుగుతాం. టైర్లకి నలుపు పూస్తాం. చెప్పొద్దూ, నేను పాతికేళ్ళు ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిల్లో కాస్త డీజిల్ కలిపి గుడ్డతో రుద్దాను. నిగనిగలాడేది. పసుపు, కుంకుమ పెట్టి చక్రం కింద నిమ్మకాయ పెడితే కొత్త బండిలా ఉండేది. ఊళ్ళో అందరూ ఇంతే. ట్రాక్టర్‌కీ అదే, ట్రక్కుకీ అదే, ఆటోకీ అదే.

2022 మే నెలలో మా చెల్లెలి కూతురు పెళ్ళి. "తాతయ్య కారులోనే వెళ్తా మావయ్యా" అని పిల్ల పట్టుబట్టింది. మెరుపు మందు ఒక సీసా కొనుక్కొచ్చి నాలుగు టైర్లకీ పట్టించా. ఫొటోల్లో అద్దంలా వచ్చాయి. కాలువ గట్టు రోడ్డు మీద వెళ్తుండగా ముందు ఎడమ టైరు ఢామ్మని పేలింది. బండి ఎడమకి లాగేసి గట్టు దిగింది. లోపల పెళ్ళికూతురు, మా చెల్లెలు, ఇద్దరు చిన్నపిల్లలు. స్టీరింగ్ మీద నేను. మెల్లగా వెళ్తున్నాం కాబట్టి ఒక తుమ్మచెట్టు మొదలు దగ్గర ఆగింది. కాలువలు కట్టేసిన రోజులు, నీళ్ళు లేవు. అదే ఆగస్టు అయ్యుంటే ఈ పోస్టు నేను రాసేవాణ్ణి కాదు.

తర్వాత మెకానిక్ ఆ టైరు విప్పి, గుడ్డతో నలుపంతా తుడిచి నాకు చూపించాడు. పక్క గోడ నిండా సన్న సన్న పగుళ్ళు, ఎండాకాలం నెర్రెలిచ్చిన మడిలాగ. "గాడులు బాగానే ఉన్నాయిగా" అన్నా నేను. "గాడులు అరిగేంత తిరిగిందేంటండీ మీ కారు? ఇది అరిగిపోలేదు, ముసలిదైపోయింది" అన్నాడు. టైరు మీద ఒకచోట 1811 అని ఉంది. అంటే 2011లో 18వ వారంలో తయారైంది. పేలేనాటికి పదకొండేళ్ళు నిండాయి. ఆ పగుళ్ళ మీద ఏడాదికోసారి నల్లటి ముసుగు కప్పింది ఎవరు? నేనే. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదండీ.

అప్పట్నుంచి దీని గురించి తెలిసినవాళ్ళని అడిగి, చదివి కాస్త నేర్చుకున్నా. నాకు తెలిసింది చెప్తా.

రబ్బరుకి ఎండ, గాలి రెండూ శత్రువులే. గాలిలో ఓజోన్ అని ఉంటుంది, అది సాగి ఉన్న రబ్బరుని కోస్తుంది. అందుకే కంపెనీలో తయారు చేసేటప్పుడే రబ్బరులో ఒక రకం మైనం, కొన్ని రక్షణ మందులు కలుపుతారు. బండి తిరుగుతుంటే టైరు నలిగి ఆ మందు కొంచెం కొంచెం పైకి ఊరి పొరలా కాపాడుతుంది. తిరగని బండికి ఆ ఊట సరిగ్గా ఉండదు. అందుకే రోజూ తిరిగే టాక్సీ టైరు అరిగి చస్తుంది, పాకలో ఉన్న కారు టైరు పగిలి చస్తుంది. పాత కార్లు ముద్దుగా దాచుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇదే. గాడి లోతు కారుకి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని రూలు ఉంది. కానీ మన పాత బండికి ఆ కొలత ఒక్కటే చూస్తే మోసపోతాం.

టైరు మీద గోధుమ రంగు వస్తుంది చూశారా? చాలామంది అది మురికి అనుకుంటారు. చాలావరకు అది ఆ లోపలి మందే, పైకొచ్చి గాలి తగిలి రంగు మారింది. దాన్ని కడగొచ్చు, తప్పు లేదు. కానీ బట్టల సోడా, యాసిడ్, పెట్రోలు పెట్టి అరగదీస్తే కాపలావాణ్ణి మనమే తరిమేసినట్టు.

ఇక డీజిల్, కాలిన ఆయిల్ సంగతి. ఆయిల్ ఇంజన్ ఉన్న ప్రతి రైతుకీ తెలుసు, మామూలు రబ్బరు వాషరుకి డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడి పనికిరాకుండా పోతుంది. వాషరుకి పట్టే గతి టైరుకి పట్టదా? ఈ చిన్న ముక్క నాకు పాతికేళ్ళు తట్టలేదు. పైగా ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుంటుంది.

మరి ఎలా కడగాలి? నేను ఇప్పుడు చేసేది ఇదీ. బండి నీడలో పెట్టి, చక్రాలు చల్లారాక ముందు ఒట్టి నీళ్ళతో మట్టి నాననిస్తా. మన నల్లరేగడి ఎండితే సిమెంటే, గీకకూడదు, నానబెట్టాలి. తర్వాత బకెట్లో కాస్త షాంపూ కలిపి, మెత్తటి బ్రష్షుతోనో కొబ్బరి పీచుతోనో పక్క గోడ రుద్దుతా. కోనసీమ పక్కనే ఉండి పీచుకి కరువేంటండీ. నురుగు గోధుమ రంగులో వస్తుంది. మళ్ళీ కడిగి మళ్ళీ రుద్దితే నురుగు తెల్లగా వస్తుంది, అప్పుడు ఆపేస్తా. ఆ నీళ్ళు, ఆ పీచు బండి బాడీకి వాడను, ఇసుక రేణువులకి రంగు గీతలు పడిపోతుంది.

పూర్తిగా ఆరాక అసలు పని. మెరుపు కాదు, చూపు. ఎండలోకి జరిపి గోడంతా చూస్తా. బొటనవేలితో నొక్కి, పగుళ్ళు నోరు తెరుస్తున్నాయేమో చూస్తా. ఎక్కడైనా ఉబ్బు ఉందా, మేకు ఉందా చూస్తా. నాలుగంకెల తేదీ చదువుతా. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి పక్కకి ఉంటాయి, బండి కిందకి వంగి చూడాలి. మూడంకెలే ఉంటే అది 2000కి ముందు టైరు. దానికి దణ్ణం పెట్టి తీసేయండి.

ఇవన్నీ బాగున్నాకే, మెరుపు కావాలనుకుంటే నీళ్ళ ఆధారంగా చేసిన మందు స్పాంజితో పల్చగా రాసి, పది నిమిషాలాగి మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. రోడ్డుకి తగిలే భాగానికి మటుకు చచ్చినా రాయకండి, జారుతుంది. బ్రేకుల వైపు స్ప్రే కొట్టకండి. పాకలో ఉంచే బండికి గాలి సరిగ్గా పెట్టి, వారానికోసారైనా అటూ ఇటూ జరపండి, లేకపోతే ఒకేచోట అణిగిపోతుంది. ఎండ పడే పక్క గోనెసంచి కట్టండి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు.

"అంత చాదస్తం ఎందుకండీ, పండగ ఒక్కరోజు నల్లగా కనపడితే చాలు" అని మా తోడల్లుడు అన్నాడు. ఆయనా తప్పు మనిషి కాదు. బండి మనకి అన్నం పెడుతుంది, దాన్ని అలంకరించుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. నేను అలంకారం వద్దనటం లేదు. అలంకారం ముందు, పరీక్ష తర్వాత అయిపోతోంది అంటున్నా. చాలాసార్లు ఆ పరీక్షే ఉండటం లేదు. ఒంట్లో బాగోలేని మనిషికి పౌడరు రాసి పెళ్ళికి పంపితే ఎలా ఉంటుంది?

ఇది నా ఒక్క అంబాసిడర్ సంగతైతే ఇంత రాయను. మన ట్రాక్టర్ ట్రక్కులు చూడండి. ఏడాదిలో నాట్లకి నాలుగు రోజులు, కోతలకి పది రోజులు తిరుగుతాయి. మిగతా కాలమంతా కళ్ళంలో ఎండకి ఎండి వానకి తడుస్తాయి. గాడి అరగదు, రబ్బరు చస్తుంది. సరిగ్గా మా కారు కథే. ఆ ట్రక్కు మీదే ధాన్యం బస్తాలు నింపి పైన మనుషుల్ని ఎక్కిస్తాం. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు, కాలువ గట్టు మీద, ఇరవై మంది. మనుషుల్ని ఎక్కించడమే తప్పు, అది వేరే పోస్టు. కనీసం ఆ టైరు వయసెంతో చూడొద్దా? పాత టైర్లకి నలుపు పూసి కొత్తవాటిలా అమ్మేవాళ్ళూ ఉన్నారు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు టైరు మరీ మెరుస్తుంటే సంతోషించకండి, తడిగుడ్డ అడగండి.

ఇంకొక్క మాట, ఇది కొంతమందికి కోపం తెప్పించొచ్చు. దయచేసి బండ్లని కాలువ రేవులో దింపి కడక్కండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్ళే కాలువలు కట్టేసే ముందు ఊరచెరువులో నింపుకుంటాం, వేసవంతా తాగుతాం. కాలిన ఆయిల్, డీజిల్ ఆ నీళ్ళలో కలపడమేంటి? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం వైపు వాగుల్లో కోహో సాల్మన్ అనే చేపలు వాన పడినప్పుడల్లా చచ్చిపోతుంటే, కారణం వెతికి 2020లో బయటపెట్టారు. టైరు రబ్బరులో కలిపే రక్షణ మందు ఓజోన్‌తో కలిసి మారి, రోడ్డు మీద అరిగిన పొడితో వాననీటిలో కొట్టుకొచ్చిందట. అది వేరే చేప, వేరే నేల. మన చెరువుల్లో అలా జరిగిందని నేననటం లేదు. కానీ టైరులోంచి ఊరేది ఊరికే మాయమైపోదు, ఎక్కడో ఒకచోట తేలుతుంది అని అర్థమైంది. నేను ఇంటి దగ్గర బోరింగు నీళ్ళు రెండు బకెట్లతో, అరటిచెట్లకి దూరంగా మట్టి మీద కడుగుతున్నా. రేవు కంటే కష్టమే, నడుం నొప్పెడుతుంది. ఫర్వాలేదు.

ఆ పెళ్ళయ్యాక దాళ్వా డబ్బుల్లోంచి నాలుగు టైర్లు, నాలుగు ట్యూబులు మార్చా. ఇంట్లో గొడవైంది, నిజమే. తిరగని కారుకి అంత ఖర్చా అని. నేను ఒకటే అన్నా, తిరగనిస్తే టైర్లుండాలి, టైర్లు వద్దంటే దిమ్మెల మీద పెట్టి పూజ చేద్దాం, మధ్యరకం వద్దు అని. ఇప్పుడు పాక గోడ మీద టైర్ల తేదీ సుద్దతో రాసి పెట్టా, మా అబ్బాయికి కూడా తెలియాలని. ట్రక్కు టైర్లవీ రాశా.

2032కి మా కారుకి యాభై ఏళ్ళు నిండుతాయి. అప్పటికి నేనుంటే, మెరిసినా మెరవకపోయినా, మనవల్ని ఎక్కించుకుని అన్నవరం వెళ్ళిరావాలని ఆశ.

ఈ దసరాకి మీరూ ఒక పని చేయండి. నలుపు సీసా మూత తీసే ముందు, తడిగుడ్డతో తుడిచి ఆ నాలుగంకెలు చదవండి. మీ ట్రక్కు టైరు మీద ఎంతుందో కింద రాయండి. సిగ్గుపడకండి, నాది 1811.

ఉంటానండి మరి. చేలో నీళ్ళు ఎక్కువయ్యాయేమో చూడాలి.