పొగరాయుళ్లకు ఆరోగ్య సూత్రాలట!

పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె. టిఫినయ్యాక గ్రీన్ టీ. మధ్యాహ్నం అన్నంలోకి ఆకుకూర, భోజనం చివర బెల్లం ముక్క. సాయంత్రం అరగంట ప్రాణాయామం, రాత్రికి పసుపు పాలు, వారానికోసారి ఆవిరి పట్టడం. ఇదంతా ఎవరికయ్యా అంటే, పొగతాగేవాళ్లకట! తాగేది తాగుతూనే నిక్షేపంగా ఉండటానికట! ఆదివారం అనుబంధాల్లో, యూట్యూబ్ వీడియోల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఈ చిట్కాల జాతర ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. అన్నీ చెప్పి చిట్టచివర మొక్కుబడిగా ఒక ముక్క: వీలైతే ధూమపానం తగ్గించుకోవడం మంచిది.

వీలైతేనట. తగ్గించుకోవడమట.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పొగ మానకుండా పాటించే ఆరోగ్య సూత్రమంటూ లోకంలో ఏదీ లేదు. ఉందని చెప్పేవాడు తెలియక చెబుతుండాలి, లేదా దేన్నో అమ్ముకోవడానికి చెబుతుండాలి. ఈ రోజుల్లో రెండో రకం వాళ్లకే గొంతు పెద్దది.

బెల్లం సంగతే చూడండి. దుమ్ములో పనిచేసే కూలీలకు బెల్లం ముక్క పెట్టే అలవాటు మన దగ్గర పాతదే. దాన్ని పట్టుకొచ్చి, బెల్లం తింటే ఊపిరితిత్తుల్లోని మసి కడుక్కుపోతుందని పొగరాయుళ్లకు అంటగట్టారు. తిన్నది కడుపులోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రెండు దారులూ గొంతు దగ్గరే వేరైపోతాయి. ఇంటర్ బైపీసీ చదివే పిల్లనడిగినా బొమ్మ గీసి చూపిస్తుంది. అయినా డబ్బా మీద ఆకుపచ్చ ఆకు వేసి, 'లంగ్ డిటాక్స్' అని పేరు పెట్టి పొడులు అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు.

ఊపిరితిత్తులను శుభ్రం చేసే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది, పైసా ఖర్చు లేకుండా. ఊపిరి గొట్టాల లోపలి గోడల మీద కంటికి కనపడనంత సన్నటి రోమాలుంటాయి. వైద్యులు సీలియా అంటారు. అవి అదేపనిగా ఊగుతూ దుమ్మునీ కఫాన్నీ గొంతు వైపు నెట్టుకొస్తుంటాయి. పొగ వాటిని మొద్దుబారుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ చంపేస్తుంది. పొగ ఆపేస్తే మిగిలినవి కొద్ది వారాల్లోనే తిరిగి పనిలోకి దిగుతాయి. అందుకే మానేసిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది. పేరుకున్నదంతా అప్పుడే బయటికి వస్తుంది మరి. ఈ ఒక్క సంగతి చెప్పేవాళ్లు లేక ఎంతమంది చెడిపోయారో! "మానేసినప్పట్నుంచే దగ్గు పట్టుకుందండీ, మానడం నా ఒంటికి పడలేదు" అని మళ్లీ అగ్గిపుల్ల గీసిన పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. చిట్కాల వీరులు చెప్పాల్సింది ఇదీ. ఇది చెబితే డబ్బా అమ్ముడుపోదు.

ఇక మాత్రలు. ఇక్కడ నాకు నిజంగా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇది మనుషుల మీద పరీక్షించి చూసిన సంగతి. ఫిన్లాండులో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లను తీసుకుని, కొందరికి ఏళ్ల తరబడి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థమే అది. కాయగూరలు బాగా తినేవాళ్లకు క్యాన్సర్లు తక్కువ కాబట్టి మాత్ర వేస్తే ఇంకా తగ్గుతాయని ఆశ. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది! అదే కాలంలో అమెరికాలో పొగతాగేవాళ్ల మీద, తాగి మానేసినవాళ్ల మీద, ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్ల మీద బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కలిపి ఇంకో పరీక్ష పెట్టారు. అక్కడ 28 శాతం పెరిగింది. 1996లో దాన్ని గడువుకు దాదాపు రెండేళ్ల ముందే ఆపేశారు. క్యారెట్ కూర మానమని కాదు నేననేది, శుభ్రంగా తినండి. పొగ తాగుతూ 'యాంటీ ఆక్సిడెంట్' మాత్రలు మింగి తన చుట్టూ కోట కట్టుకున్నానని మురిసిపోయేవాడికి ముప్పై ఏళ్ల కిందటే జవాబు వచ్చేసిందని చెబుతున్నాను. ఈ ముప్పై ఏళ్లలో ఆ జవాబు మన మందుల షాపు కౌంటరు దాకా రాలేదు.

సాయంత్రం ఆరింటికి మాదాపూర్‌లో ఏదో ఒక చాయ్ బండి దగ్గర నిలబడి చూడండి. బండి కొయ్యకు దారంతో వేలాడే లైటరు. పక్కన సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు, సోంపు పొట్లాలు. జిమ్ నుంచి నేరుగా వచ్చిన కుర్రాడు, చేతికి అడుగులు లెక్కబెట్టే గడియారం, భుజాన ప్రొటీన్ కలుపుకున్న సీసా. "అన్నా, ఒక అల్లం చాయ్, ఒక లైట్స్." చక్కెర మాత్రం వద్దంటాడు! అదేంటి బాబూ అని అడిగితే సిద్ధంగా ఉంటుంది సమాధానం: "రోజుకి మూడే భయ్యా. పొద్దున ఐదు కిలోమీటర్లు కొడుతున్నా కదా, అక్కడికక్కడ చెల్లు." మండుతున్న ఇంటి ముందు ముగ్గు పెట్టడమంటే ఇదే.

గుండె ఈ చెల్లుబాకీ లెక్కలు ఒప్పుకోదు. 141 అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రోజుకు 20 సిగరెట్లు తాగేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, రోజుకు ఒక్కటంటే ఒక్కటి తాగేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుందని తేల్చింది. ఇరవయ్యో వంతు కాదు, సగం! 'తగ్గించుకోండి' అని పలికే ప్రతి నోటికీ ఈ లెక్క అప్పజెప్పాలి. కొందరు డాక్టర్లు కూడా అదే మాట అని చీటీ చింపి చేతిలో పెడుతున్నారు. పేషెంటు ఏం వింటాడు? పది నుంచి ఐదుకు దిగితే ఒడ్డున పడ్డట్టే అని వింటాడు.

ఇక ఆ లైట్స్ మహత్యం. ఫిల్టరు చుట్టూ సన్నటి చిల్లులుంటాయి. ప్రయోగశాలలో యంత్రం పీల్చినప్పుడు వాటిలోంచి గాలి కలిసి తారు తక్కువని చూపిస్తుంది. మనిషి ఒళ్లు తనకు కావాల్సిన నికోటిన్ దొరికేదాకా వదలదు. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త లోతుగా లాగుతాడు. వేళ్లతోనో పెదాలతోనో తెలియకుండానే ఆ చిల్లులు మూసేస్తాడు. ఈ సంగతి కంపెనీలకు తెలుసనీ, తెలిసే 'లైట్' పేరుతో జనాన్ని మోసగించాయనీ 2006లో అమెరికా ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్ పదహారొందల పేజీలు దాటిన తీర్పులో రాశారు. తులసి బీడీలు, మూలికల సిగరెట్లు కూడా ఆ తానులో ముక్కలే. ఏ ఆకు కాల్చినా తారు వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి?

అసలు ఈ 'ఆరోగ్య జీవనశైలి' అంగడి ఎవరిదో కూడా ఒకసారి చూద్దాం. ఆస్తమా రోగుల ఇన్హేలర్ల పరిజ్ఞానం ఉన్న బ్రిటిష్ కంపెనీ వెక్టురాను 2021లో కొన్నది ఎవరు? మార్ల్‌బొరో సిగరెట్ల ఫిలిప్ మోరిస్. ఊపిరితిత్తుల వైద్యులు నెత్తీనోరూ కొట్టుకున్నా కొనేసింది. మూడేళ్లకే అమ్మేసుకుందనుకోండి, అది వేరే కథ. మన దగ్గర? గోల్డ్ ఫ్లేక్ అమ్మే ఐటీసీ 2023లో 'యోగా బార్' అనే ఆరోగ్య చిరుతిళ్ల వ్యాపారాన్ని కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే ఐటీసీలో మన జీవిత బీమా సంస్థ ఎల్ఐసీకి పెద్ద వాటా ఉంది. టర్మ్ పాలసీ అడిగితే పొగతాగేవాడికి ప్రీమియం ఎక్కువ కట్టమంటుంది, వాడు తాగిన పొగ మీద డివిడెండూ తీసుకుంటుంది. కన్యాశుల్కం నాటకంలో గిరీశం వెంకటేశానికి చుట్ట అలవాటు చేసి నూట పాతికేళ్లు దాటింది. ఇప్పటి గిరీశాలు చుట్టతో పాటు ఓట్స్ బిస్కెట్ కూడా అమ్ముతున్నారు.

సర్కారేమైనా తక్కువ తిందా? ఒక శాఖ గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు నడుపుతుంది. ఇంకో శాఖ 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర పుండ్ల బొమ్మలతో హెచ్చరికలు వేయిస్తుంది. పుగాకు రైతు మీద నాకు కోపం లేదు. అప్పుల్లో కూరుకున్నవాడికి వేరే పంటకు దారి చూపకుండా నీతులు చెప్పడం నా వల్ల కాదు. నా కోపం ఆ బొమ్మ ఎవరికి కనపడుతుందన్న దాని మీద. చాయ్ బండి దగ్గర విడి సిగరెట్ కొనేవాడి చేతికి పెట్టె రాదు. బొమ్మ చూసేది బండివాడొక్కడే! విడి అమ్మకాలు ఊరూరా ఆపించకుండా హెచ్చరిక బొమ్మల సైజు గురించి మాట్లాడటం కంటితుడుపు.

ఈ గ్రీన్ టీ గోలలో ఊసే లేనివాళ్లు ఇంకా ఎందరో. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. బీడీ సన్నం కదా, ఆకులో చుట్టింది కదా, ఏం కాదులే అనుకుంటారు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. లాగుతూ ఉండకపోతే ఆరిపోతుంది, అందుకని పదే పదే లాగాలి. తారు, నికోటిన్, మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే ఎక్కుతాయి. సిగరెట్ తాగే మగవాడు సగటున పదేళ్ల ఆయుష్షు, బీడీ తాగే మగవాడు ఆరేళ్లు, బీడీ తాగే ఆడమనిషి ఎనిమిదేళ్లు పోగొట్టుకుంటున్నారని 2008లో మన దేశంలోనే చేసిన పెద్ద అధ్యయనం చెప్పింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో అడ్డపొగ తాగే ముసలమ్మలను చూశారా? చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పొగ పీలుస్తారు. అంగిలి కాలి, తెల్లబారి, చివరికి అక్కడే పుండు లేస్తుంది. డెబ్బయ్యో దశకంలోనే ఈ అంగిలి క్యాన్సర్ల మీద శాస్త్రవేత్తలు శ్రీకాకుళం వచ్చి రాసిపోయారు. ఆ అమ్మకు ఏ వెల్‌నెస్ కోచ్ చిట్కా చెప్పాడు? ఆమె కొనదు కాబట్టి ఆమెకు సూత్రాల్లేవు.

మరి నడకా, ఆకుకూరా, ప్రాణాయామమూ దండగేనా? దండగ కాదు. పొగ మానడానికి పనిముట్లుగా వాడితే వాటికి విలువుంది. మానిన మొదటి వారాల్లో పొగ మీద యావ పుట్టి కొద్ది నిమిషాలు ఉండి పోతుంది. ఆ నిమిషాల్లో లేచి చురుగ్గా పది నిమిషాలు నడిస్తే యావ తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామందికి తెలియనిది: పొగ తాగేవాడి కాలేయం కెఫీన్‌ను గబగబా ఖర్చు చేసేస్తుంది. పొగ ఆపాక ఆ వేగం తగ్గి, అవే నాలుగు కాఫీలు ఒంట్లో రెట్టింపు పనిచేస్తాయి. గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. "సిగరెట్ లేక పిచ్చెక్కుతోంది" అంటాడు. అందులో కొంత కాఫీ మహిమే. మానిన రోజు నుంచి చాయ్, కాఫీలు సగానికి సగం కోసేయండి.

పట్టుదల ఉండాలి బాస్ అని వీపు తట్టేవాళ్లను నమ్మకండి. ఏ సాయమూ లేకుండా మానినవాళ్లలో ఏడాది నిలబడేది నూటికి ముగ్గురో, ఐదుగురో. నికోటిన్ మెదడును పట్టిన పట్టు అది. అందుకే నికోటిన్ గమ్ముల్నీ పట్టీల్నీ, వరెనిక్లిన్, బుప్రోపియాన్ మందుల్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. 2 మిల్లీగ్రాముల గమ్ము మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే ఇస్తారు. చూయింగ్ గమ్‌లా నమిలేసి 'పనిచేయలేదు' అనేవాళ్లే ఎక్కువ. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గలో నొక్కి పెట్టాలి. ఘాటు పోయాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు చాయ్ తాగకూడదు. మానితే నాలుగైదు కిలోల బరువు పెరగొచ్చు, పెరగనివ్వండి. మిగతా మందులకు డాక్టర్ని అడగండి, సిగరెట్లు తగ్గించమంటే వేరే డాక్టర్ దగ్గరికి పోండి.

ఈ వయసులో మాని ఏం లాభం అంటారు కొందరు పెద్దలు. 1951లో మొదలుపెట్టి యాభై ఏళ్లపాటు బ్రిటిష్ డాక్టర్ల మీదే చేసిన అధ్యయనం ఉంది. అరవైలో మానినవాళ్లకు మూడేళ్లు, యాభైలో ఆరు, నలభైలో తొమ్మిది, ముప్పైలో దాదాపు పోయిన పదేళ్లూ తిరిగొచ్చాయి.

పొగ మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వం ఉచిత ఫోను సాయం పెట్టింది. 2018 నుంచి ఆ నంబరు ప్రతి సిగరెట్ పెట్టె మీదా ఉంది, తెలుగులో మాట్లాడేవాళ్లూ ఉన్నారు. విడి సిగరెట్లు కొంటూ ఆ పెట్టె ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను, ఈ రోజే చేయండి: 1800-11-2356.