గొలుసు విప్పిన చేతిదే పూచీ

పెద్దాపురంలో తెల్లవారుజామున రోడ్డెక్కేవాళ్లను అడగండి. పాలు పోసే మనిషికి, పేపరు వేసే కుర్రాడికి, రైసు మిల్లులో రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోయే కూలీకి ఏ సందులో బండి దిగి నడిపించుకుంటూ పోవాలో తెలుసు. ఏ మలుపులో రాయి ఏరుకోవాలో తెలుసు. ఈ భయం ఉత్తిది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చుట్టుముట్టి చంపిన దృశ్యం సీసీ కెమెరాకు చిక్కింది. దాన్ని చూసిన ఏ తల్లీ ఇప్పటికీ మరిచిపోలేదు. కుక్కలంటే భయపడేవాళ్లను జాలి లేనివాళ్లని దెప్పడం అన్యాయం.

అయితే ఆ భయానికి మందు విషం కాదు. ఈ మాట గోదావరి జిల్లాలవాళ్లకు మరీ గట్టిగా చెప్పాలి. 2021 జూలైలో అప్పటి పశ్చిమగోదావరి జిల్లా లింగపాలెంలో మూడొందలకు పైగా కుక్కలను విషపు సూదులతో చంపి గొయ్యిలో పారేశారని జంతు ప్రేమికులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. పంచాయతీయే చేయించిందన్నది ఆరోపణ. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడుతుంది. చట్టం మాట అలా ఉంచి, లెక్క ప్రకారం చూసినా చంపడం దండగ పనే. మద్రాసు కార్పొరేషన్ 1860 నుంచి కుక్కలను పట్టి చంపుతూనే వచ్చింది. 1996 నాటికి రోజుకు 135 దాకా చంపాల్సి వచ్చిందని అక్కడి జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ చెబుతోంది. అంటే నూట ముప్పై ఏళ్లకు పైగా చంపినా కుక్కలు తగ్గలేదు. వీధిలో కూడు మిగిలి ఉన్నన్నాళ్లూ, ఖాళీ అయిన చోటికి పక్క వీధి నుంచి టీకా పడని కొత్త కుక్కలు వస్తూనే ఉంటాయి. బండిలో ఎక్కించి ఊరి చివర, పొరుగు మండలంలో వదిలిరావడమూ ఇలాంటిదే. అది మన బెడదను పక్కవాళ్ల గుమ్మంలో పారబోయడం.

మరి చేయాల్సిందేమిటో ప్రభుత్వానికి తెలియక కాదు. 2001లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి కేంద్రం నిబంధనలు ఇచ్చింది. కుక్కను పట్టాలి, సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే పద్ధతిని ఖాయం చేస్తూ, రేబిస్ సోకినవాటిని, మనుషుల మీద పడి కరిచేవాటిని మాత్రం వీధిలోకి వదలొద్దంది. ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా అందుకు వార్డుల్లో ప్రత్యేక స్థలాలు చూపమంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసేయాలని, వాటిని మళ్లీ అక్కడ వదలరాదని ఆదేశించింది. బడి గోడ లోపల పిల్లవాడి ప్రాణానికే మొదటి పీట. ఆ ఆదేశాన్ని పెద్దాపురంలోనూ తు.చ. తప్పకుండా అమలు చేయాల్సిందే.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి పాఠకులకు ఆఫీసుల చుట్టూ తిరిగే అవసరం లేదు. ఆపరేషన్ అయిన కుక్క చెవి కొసన చిన్న గాటు పెడతారు. మీ వీధి కుక్కల చెవులు చూడండి. పదింటిలో ఏడింటికి ఆ గాటు ఉంటేనే సంతతి అదుపులోకి వస్తుంది. రెండింటికే ఉంటే, ఏడాది తిరిగేసరికి మొదటికొస్తుంది. ఎందుకంటే ఆడకుక్క మోసేది రెండు నెలలే, ఏడాదికి రెండుసార్లు ఈనగలదు.

ఇంతవరకూ మున్సిపాలిటీ సంగతి. ఇక మన ఇళ్ల సంగతి. ఈ ఊళ్లో వీధికుక్కలని మనం అంటున్నవాటిలో కొన్నింటికి పేర్లున్నాయి. పొద్దున్నా సాయంత్రమూ గేటు తీసి బయటికి వదిలితే తిరిగి తిరిగి అన్నం వేళకు ఇంటికొస్తాయి. కరిచినప్పుడు మాత్రం ‘మాది కాదండీ, ఏదో అరుగు మీద పడుంటుంది’ అంటారు. కుక్క ఈనితే మగపిల్లలను అడిగినవాళ్లకు ఇచ్చి, ఎవరూ పట్టుకెళ్లని ఆడపిల్లలను గోనెసంచిలో వేసి కాలవ గట్టునో, మార్కెట్ వెనకో దించి వస్తారు. కళ్లు తెరవని కూనల్లో బతికి బట్టకట్టినవి మరుసటి ఏడాదికి తామే తల్లులవుతాయి. మోజుపడి వేలు పోసి కొన్న జాతికుక్కకు ముసలితనమో చర్మరోగమో వస్తే దాన్నీ తీసుకెళ్లి వదిలేసేవాళ్లున్నారు. జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి శిక్ష పది నుంచి యాభై రూపాయల జరిమానా! ఆరు దశాబ్దాలుగా ఆ అంకె కదలకపోవడం సిగ్గుచేటు. పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలి మనిషికి ప్రమాదం తెస్తే మాత్రం న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అంటోంది. ఆ సెక్షన్‌ను పోలీసులు వాడాలి. కుక్కను పెంచుకోవడం ముచ్చటే కావచ్చు, ఆ ముచ్చటకు వీధి మొత్తం మూల్యం చెల్లించనక్కర్లేదు.

కాటు పడ్డాక ఏం చేయాలో కూడా ఊరికి మళ్లీ మళ్లీ చెప్పాలి. పసుపు, కారం, సున్నం పెట్టడం, ఆకు పసరు పోయించుకోవడం ఇంకా పోలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. ముందు చేయాల్సింది కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం, ఆ వెంటనే ఆస్పత్రికి పోవడం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే నాలుగైదు విడతల్లో వేస్తున్నారు. గాయం లోతైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. కుక్క మనదైనా సరే, చిన్న గీతే అయినా సరే, ఊరుకోకూడదు.

కుక్కల మందకు కూడు పెడుతున్నదీ మనమే. చికెన్ దుకాణాల వెనక కాలవలో పేగులు, ఈకలు కుప్పపడే చోట కుక్కలు గుంపు కడతాయి. ఆషాఢంలో మరిడమ్మ తల్లి జాతర నెలకు పైగా సాగుతుంది. మొక్కు కోళ్లు, మేకల వ్యర్థాలను ఏ పూటకాపూట ఎత్తకపోతే ఊరి కుక్కలన్నీ అక్కడికే చేరతాయి. వ్యర్థాలను రోడ్డు పక్కన పారబోసే దుకాణానికి లైసెన్సు ఆపేయడం కష్టమైన పనేం కాదు.

1915లో ఏర్పడిన మున్సిపాలిటీ ఇది. 2011 లెక్కల నాటికి జనం దాదాపు యాభై వేలు. ఇంత చిన్న ఊరికి సొంతంగా ఆపరేషన్ కేంద్రం భారమే అనుకుందాం. సామర్లకోట పక్కనే ఉంది. పిఠాపురం, కాకినాడ దూరం కాదు. నాలుగు సంస్థలూ కలిసి జంతు సంక్షేమ బోర్డు గుర్తింపుతో ఒకే కేంద్రం నడపవచ్చు. నిబంధనల ప్రకారం స్థానిక పర్యవేక్షణ కమిటీకి కమిషనరే అధ్యక్షులు. ఎన్ని కుక్కలను పట్టారు, ఎన్నింటికి ఆపరేషన్ చేశారు, ఎంత ఖర్చయింది అన్న వివరాలు ప్రతి నెలా వార్డులవారీగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రతి పెంపుడు కుక్కకూ రిజిస్ట్రేషన్, మెడకు బిళ్ల, ఏటా టీకా చీటీ తప్పనిసరి చేయాలి. కూనలను అమ్మేవాళ్ల కుక్కలకు తప్ప, మిగతా అందరి పెంపుడు కుక్కలకూ ఆపరేషన్ చేయించాలి. పేదింటి కుక్కకు అది ఉచితంగా జరగాలి. రుసుముకు జడిసి ‘మాది కాదు’ అనే అవకాశం వాళ్లకు ఇవ్వకూడదు.

మొదలుపెట్టడానికి తేదీ కూడా వెతకనక్కర్లేదు. 1885 జూలై 6న శాస్త్రవేత్త పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించారు. ఏటా ఆ రోజున పశుసంవర్ధక శాఖ పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తోంది. పెద్దాపురం పశువుల ఆస్పత్రిలో టీకా బల్ల పక్కనే మున్సిపాలిటీ మరో బల్ల వేసి, సూది వేయించుకున్న ప్రతి కుక్క పేరూ, యజమాని పేరూ, ఇంటి నంబరూ పుస్తకంలో రాయించాలి. ఆ పుస్తకంలో పేరున్న కుక్క మర్నాడు రోడ్డు మీద ఒంటరిగా తిరిగితే, నోటీసు ఆ ఇంటి నంబరుకే వెళ్లాలి.