థర్మాకోల్ అగ్నిపర్వతం, గైడులోని గంగానది

ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ బడికి వెళ్లినా ఓ థర్మాకోల్ అగ్నిపర్వతం కనిపించే అవకాశమే ఎక్కువ. వంటసోడా మీద రంగు కలిపిన వెనిగర్ పోస్తే ఎర్రటి నురగ పొంగుతుంది. పక్కన నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి ముందురోజు బట్టీపట్టిన వాక్యాలు గడగడా అప్పజెబుతుంది. "లావా మండిపోతుంది కదమ్మా, ఈ నురగ చల్లగా ఉందేం?" అని ఎవరైనా అడిగారా, ఆ పిల్ల చూపు సారు వైపు తిరుగుతుంది. ఉప్పల్ రోడ్డులోనే 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. మన కాళ్ల కింది గ్రానైట్‌కు దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసుంది. ఆ బండముక్క ఒక్కటీ బల్ల మీదికి రాదు.

మరో పీరియడ్‌లో తెలుగు టీచర్ 'నది ఆత్మకథ' రాయమంటారు. గైడు తెరుచుకుంటుంది. తరగతిలో ఉన్న అందరి నదీ హిమాలయాల్లోనే పుడుతుంది, గలగలా పారుతుంది, చివర్లో కాలుష్యం గురించి రెండు కన్నీటి బొట్లు రాలుస్తుంది. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం పక్కనుంచి పారే మూసీ ఎవరి నోట్సులోనూ కనబడదు.

ఇవి రెండు రోగాలు కావు. ఒకే రోగానికి రెండు లక్షణాలు. ఆ రోగం పేరు "ప్రయోగం సైన్స్ సారుది, కథ తెలుగు టీచర్‌ది, రెండూ కలిపితే రెండూ చెడతాయి" అనే నమ్మకం. స్టాఫ్‌రూముల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో దీన్ని ఇంగితజ్ఞానంగా చలామణీ చేస్తున్నారు. ఇది ఇంగితం కాదు, టైంటేబుల్ నేర్పిన అలవాటు.

ఆ వాదనలో బలమేమీ లేదనను. సైన్స్‌కు కచ్చితత్వం కావాలి, కథకు స్వేచ్ఛ కావాలి. నీటిబొట్టు ఏడ్చిందని రాసిన పిల్లవాడు నీటి గురించి నేర్చుకున్నదేమిటి అని సైన్స్ టీచర్ అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు కథను తరిమేయడం కాదు. కథను వస్తువు ముందు కూర్చోబెట్టడం.

ఎలాగో చూద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో ఏ గదిలోనైనా చేయదగ్గ పని ఇది. టీచరే చేతితొడుగులు వేసుకుని మూసీ నీళ్లు ఒక సీసాలో తెస్తారు. పిల్లలు వాటిని ముట్టుకోరు. పక్కన నల్లా నీళ్లు, బోరు నీళ్లు. మూసీ నీళ్లలో పటిక తిప్పితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైనీటిని ఇసుక, బొగ్గుపొడి పొరల గుండా వంపితే తేరుకుంటుంది. ఇక్కడిదాకా ప్రతి సైన్స్ ఫెయిర్‌లోనూ ఉన్నదే. 'వాటర్ ఫిల్టర్' అని చార్టు అంటించి చేతులు దులుపుకుంటారు.

ఇప్పుడు రాయమనండి. "నీళ్లు శుభ్రమయ్యాయి" అని సగం తరగతి రాస్తుంది. టీచరు ఏమీ అనకుండా ఆ తేట నీళ్లు ఒక చెంచాడు స్టీలు ప్లేటులో పోసి ఆవిరయ్యేదాకా వేడిచేస్తారు. తెల్లటి పొర మిగులుతుంది. బోరు నీళ్లకూ మిగులుతుంది, నల్లా నీళ్లకూ కొంత మిగులుతుంది. మరి ఏవి శుభ్రమైనవి? కంటికి కనిపించని క్రిముల మాటేమిటి, వాటి గురించి ఈ ప్లేటు ఏమైనా చెప్పిందా? పిల్లలు తమ వాక్యం తామే కొట్టేసుకోవాలి. కంటికి తేటగా ఉన్నాయి, వాసన తగ్గింది, కరిగిన ఉప్పులు పోలేదు, క్రిముల సంగతి మనకింకా తెలియదు. కొట్టివేతలున్న ఆ పేజీలో చదువు ఉంది. చార్టు మీద ఏ కొట్టివేతా ఉండదు, అందుకే అందులో చదువూ కనబడదు.

ఆ తర్వాతే కథ. పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున పశుగ్రాసం కోసే ఒక మనిషి రోజు గురించి రాయమనండి. అక్కడ పచ్చిగడ్డే ఎందుకు పెంచుతారు? మురుగునీటితోనూ ఏడాది పొడవునా ఎదుగుతుంది గనుక. ఎవరు కొంటారు? నగరంలోని పాడిగేదెల యజమానులు. మన ఇంటికొచ్చే పాలకూ, మన ఇంట్లోంచి పోయే మురుగుకూ చుట్టరికం ఉందా? ఇవి తెలియకుండా కథలో రెండో పేరా నడవదు. తెలియాలంటే అడగాలి, చూడాలి. కథ అబద్ధానికి ఇచ్చిన లైసెన్సు కాదు. సరిగ్గా రాయిస్తే ప్రయోగం అడగని ప్రశ్నలను అదే అడుగుతుంది. ఆ కథ, ఆ సీసాలు, ఆ ప్లేటు ఒకే బల్ల మీద ఉంటే అది ఎగ్జిబిట్. సీసాలొక్కటే ఉంటే సామాను.

"మా పిల్లలకు రాయడం రాదండీ, ఆ వరం ఒకరిద్దరికే" అన్నది రెండో వాదన. రాయడానికి ఏమీ ఇవ్వకుండా రాయమంటే పెద్దవాళ్లకూ రాదు. 'నది ఆత్మకథ' అనగానే మాటలు వెతుక్కునే పిల్లవాడు, ప్లేటు మీద మిగిలిన పొర ఎలా ఉందో చెప్పమంటే చెప్పగలడు. నాచారం పారిశ్రామికవాడకు పనికోసం వచ్చిన కుటుంబాల పిల్లలకు తెలుగు ఇంట్లో మాట కాకపోవచ్చు. వాళ్లకు కూడా ముందు వస్తువు దొరికితే తర్వాత మాట దొరుకుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1920ల్లో ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి టీచరు పిల్లల్ని బయటికి నడిపించి, చూసినవి రాయించి, తరగతి గదిలోనే అచ్చువేయించాడు. మన దేశంలో 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్స్ నేర్పే కార్యక్రమం మొదలైంది. పిల్లలు చేసి, చూసి, తమ మాటల్లో నోట్సు రాసుకునేవారు. పరీక్షలోనూ ఆ నోట్సు తెరుచుకునే వీలుండేది. తర్వాత ఆ కార్యక్రమాన్ని నడిపిన ఏకలవ్య సంస్థే 1985లో పిల్లల రచనలకూ చోటిచ్చే 'చక్మక్' పత్రిక తెచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2002లో ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. మూడు దశాబ్దాలు సర్కారు బళ్లలో నడిచినదాన్ని అసాధ్యమనడం కుదరదు.

మన పుస్తకాలు సైతం అడ్డు చెప్పడం లేదు. తెలుగు వాచకంలో పాఠం వెనక 'వ్యక్తీకరణ-సృజనాత్మకత' ఉంటుంది, 'ప్రాజెక్టు పని' కూడా ఉంటుంది. పుస్తకం ఒకే పాఠం వెనక పెట్టిన రెంటినీ గైడే విడదీసింది. మొదటిదానికి జవాబు ముందే రాసిపెట్టింది. రెండోది నెట్‌లోంచి ప్రింటు తీసుకుంటే సరిపోతుందని నమ్మించింది.

ఇక చివరి అస్త్రం: టైమెక్కడిది? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పెట్టే బళ్లు ఈ మాటంటే నవ్వొస్తుంది. అగ్నిపర్వతానికి రంగులేయడానికి దొరికిన టైమే దీనికీ సరిపోతుంది. జాతీయ విద్యావిధానం-2020 ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేని బడి నడపమంది. తెలంగాణలో 2018 చట్టం ప్రైవేటు బళ్లలోనూ తెలుగును తప్పనిసరి చేసింది. అంటే రోజులకు చోటుంది, తెలుగు పీరియడ్ ఉంది, సైన్స్ పీరియడ్ ఎటూ ఉంది. లేనిదల్లా వాటిని కలపాలన్న పట్టుదల.

అందుకే హెడ్మాస్టర్లకు ఒకటే విన్నపం. వచ్చే ప్రదర్శనకు ఒక నిబంధన పెట్టండి: పిల్లలు సొంతంగా రాసిన పేజీ, కొట్టివేతలతో సహా, పక్కన లేకపోతే ఆ ఎగ్జిబిట్‌కు బల్ల ఇవ్వం. ఆ పేజీకి తెలుగులో, సైన్స్‌లో రెండు చోట్లా మార్కులు వేయండి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ఇద్దరు టీచర్లు ఒక సాయంత్రం కలిసి కూర్చుంటే చాలు. కూర్చోబెట్టాల్సింది మీరే.