గట్టు కింద గృహస్థు

"గట్టు మాదేనండి, లోపలంతా ఆయనగారిదేనండి!"

కొత్తపేట దగ్గర వరి చేలో నిలబడి ఓ రైతు అన్న మాట ఇది. గట్టు మీద కాలు పెట్టిన చోటల్లా మట్టి కుంగుతోంది. పక్కనే కొత్తగా తవ్విపోసిన మట్టికుప్ప. పొట్ట మీదున్న చేలో అక్కడక్కడా దుబ్బులు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉన్నాయి. ఆయనగారెవరో వేరే చెప్పక్కర్లేదుగా! పందికొక్కు.

ఇంగ్లిషువాళ్లు మన భాషలోంచి పట్టుకెళ్లిన మాటల్లో ఇదొకటి. పందికొక్కు వాళ్ల నోట్లో 'బాండికూట్' అయింది. 1799లో జార్జ్ బాస్ అనే అన్వేషకుడు ఆస్ట్రేలియాలో నేల తవ్వే ఓ జంతువుకీ ఇదే పేరు తగిలించాడు. నిజానికి దానికీ ఎలుకకీ చుట్టరికమే లేదు. అది కంగారూలా సంచిలో పిల్లల్ని పెంచే జాతి. కాకపోతే దాని సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడకుండా. నేలను నమ్ముకున్న ప్రాణికి ఒళ్లే పనిముట్టు అవుతుందన్నమాట.

మన పందికొక్కు పనిముట్టు దాని పళ్లు. ఎలుక జాతులన్నిటికీ ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పంటి ముందువైపు ఇనుము కలిసిన గట్టి పింగాణీ పొర ఉంటుంది. పళ్లు పసుపు, నారింజ రంగులో కనిపించేది అందుకే. వెనకవైపు మెత్తన కాబట్టి అది త్వరగా అరిగిపోతుంది. అరిగేకొద్దీ ముందు అంచు ఉలిలా పదునెక్కుతుంది. ఆ ముందు పళ్ల వెనకాల పెదవులు మూసుకునే వీలుంది. అందువల్ల నోట్లోకి మట్టి పోకుండానే పళ్లతో నేల కొరకగలదు. ఈ పళ్ల వరసతో ఎలుకల వంశం దాదాపు ఆరు కోట్ల ఏళ్లుగా నెగ్గుకొస్తోంది. మనమేమో నిన్న మొన్న వచ్చినవాళ్లం.

ఇక ఇంటి సంగతి. చేలల్లో గట్లు గుల్లచేసేది పందికొక్కుల్లో చిన్న జాతి, 'బాండికోటా బెంగాలెన్సిస్'. దీనికి ఉమ్మడి కాపురం గిట్టదు. మామూలుగా కలుగుకి ఒకటే పెద్ద ప్రాణి, తల్లయితే పిల్లలతో. లోపల పడకగది వేరు, ధాన్యపు కొట్లు వేరు. కోసిన వెన్నులు పేర్చి దాచుకుంటుంది. కోతలయ్యాక కలుగులు తవ్వి ఆ వెన్నులు ఏరుకున్న పేద కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో. లోపలున్నప్పుడు గుమ్మానికి మట్టితో బిరడా కొట్టేస్తుంది. ఇవి చాలవన్నట్టు ఓ దొంగదారి కూడా ఉంటుంది. దాన్ని పూర్తిగా తెరవదు, పైన పల్చటి మట్టి పొర ఉంచుతుంది. పాము ఈ గుమ్మంలో దూరితే ఆ పొర పగలగొట్టుకుని పరారు!

ఈ ఇంజినీరింగ్ ఎవరు నేర్పారు? అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హోపీ హోక్‌స్ట్రా బృందం అక్కడి పొలాల ఎలుకల మీద ఇదే ప్రశ్న వేసింది. ఒక జాతి పొడుగు సొరంగం, దొంగదారీ తవ్వుతుంది. దాని దగ్గరి చుట్టం చిన్న గొయ్యితో సరిపెట్టుకుంటుంది. బోనుల్లో తరతరాలుగా పెరిగినవాటికి మట్టి ఇచ్చినా ఎవరి పద్ధతి వారిదే. రెండు జాతుల్నీ కలిపి పిల్లల్ని పుట్టించి చూస్తే, సొరంగం పొడవుకీ దొంగదారికీ వేర్వేరు జన్యు భాగాలు కారణమని తేలింది. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇంటి ప్లాను కూడా కొంత రక్తంలోనే రాసి ఉంటుందన్నమాట.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలతో డెల్టాకి సార్వా, దాళ్వా రెండు పంటలూ అమరాయి. మనకి రెండు పంటలంటే పందికొక్కుకీ రెండు పంటలే. గోదావరి పొంగి చేలు మునిగితే ఈదుకుంటూ ఏటిగట్లకీ, మెరక తోటలకీ చేరుతుంది. నీరు తీయగానే మళ్లీ దిగుతుంది. చేను పొట్టకొచ్చేసరికి దీనికీ కాన్పుల కాలం. గర్భం దాదాపు మూడు వారాలే, ఈతకి ఆరేడు పిల్లలు. వెన్ను కనిపించాక మందు వెతుక్కునే రైతు అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క.

ఆ మందు మాత్రం పారుతుందా? ఎలుక వాంతి చేసుకోలేదు. తిన్నది విషమైతే కక్కే దారి లేదు గనక కొత్త తిండిని ముందు కొద్దిగా రుచి చూస్తుంది. ఒంట్లో తేడా చేస్తే మళ్లీ ఆ జోలికి పోదు. జింక్ ఫాస్ఫైడ్ ఎర రెండోసారి పనిచేయకపోవడం ఇందుకే. బ్రోమోడయోలోన్ కొన్ని రోజులకి గానీ చంపదు కాబట్టి అనుమానం రాదు. కానీ ఆ కొన్ని రోజుల్లో మందు తిన్న ఎలుకని గుడ్లగూబ తింటే? ఏటా వందలాది ఎలుకల్ని ఉచితంగా పట్టిపెట్టే జీతగాణ్ని మనమే చంపుకున్నట్టు. కనిపించిన జెర్రిపోతునల్లా కొట్టి చంపడమూ అలాంటిదే.

అసలు కిటుకు దాని ఒంటరి కాపురంలోనే ఉంది. మీ గట్టు మీద ఒకదాన్ని చంపితే ఖాళీ అయిన ఇంట్లోకి పక్క గట్టుది కాపురానికొస్తుంది. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఊరంతా ఒక్కసారే, అదీ చేను పొట్టకు రాకముందే పని మొదలెట్టమంటారు. సాయంత్రం కలుగులన్నీ మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలోనే ఎర పెట్టాలి. గట్లు అడుగు వెడల్పు మించకుండా సన్నంగా చెక్కుకుంటే కలుగుకి చోటే ఉండదు. బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే పనివాళ్లుంటే ఇంకా మేలు. బుట్టలో పడ్డది గుడ్లగూబకి విషం కాదు.

చిక్కల్లా ఇక్కడే. పందికొక్కు ఒంటరిదైనా వాటన్నిటిదీ ఒకటే పద్ధతి. మనం కలిసి బతికేవాళ్లమైనా పక్క చేను రైతుతో మాట కలవదు. సరిహద్దు గట్టు ఎవరు చెక్కాలన్న తగువు తేలేలోగా కింద ఆయనగారు ఇంకో గది కట్టుకుంటారు.

బయల్దేరుతూ అడిగాను, "మరి పక్క చేలాయన కూడా మందు పెడతారాండీ?" అని.

ఆ రైతు నవ్వేశాడు. "మేం మాట్లాడుకుని మూడేళ్లయిందండి. ఈ కలుగుకి మాత్రం ఓ గుమ్మం ఇటుంది, ఓ గుమ్మం అటుందండి."