ముందు చీమల సంగతి చూడండి

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా వీధి చివరింట్లో ఈ వారం సీతాఫలం చెట్టుకు మందు కొట్టించారు. కాయలు కళ్లు విచ్చి, కోతకు దగ్గరపడ్డాయి. ఏం మందు అని అడిగితే కొట్టేవాడు మంచినీళ్ల సీసా చూపించాడు. దానిమీద లేబుల్ లేదు. "ఏదైతేనేం సార్, పురుగు చావాలె" అన్నాడు. అప్పట్నుంచి నాకు కోపం చల్లారడం లేదు.

లేబుల్ లేని పురుగుమందు అమ్మడం 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం నేరం. 2013 జూలైలో బిహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటలో కలిసింది మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. మా వీధి సీసాలో ఉన్నది అదే కాదని ఎవరు చెప్పగలరు? సీతాఫలం కళ్ల సందుల్లోకి దిగిన మందు కడిగితే పోయేది కాదు.

ఇంతాచేసి ఆ చెట్టుకు పట్టింది పిండినల్లి. దాని ఒంటిమీద మైనం పూత ఉంటుంది, మందు అంత తేలిగ్గా లోపలికి దిగదు. ముందుగా చచ్చేవి దాన్ని తినే పురుగులే. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, శత్రువుల్ని తరిమేస్తాయి. మసి తెగులు పుట్టేదీ ఆ జిగురు మీదే. కాబట్టి ముందు చీమల్ని ఆపండి. చెట్టు మొదలుకు ప్లాస్టిక్ పట్టీ చుట్టి గ్రీజు రాయండి. గోడకు తగిలే కొమ్మలు కొట్టేయండి. పురుగు నిండిన కాయల్ని కోసి సంచిలో కట్టి పారేయండి. మిగతా చెట్టును పైపు నీళ్లతో గట్టిగా కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టండి. వారం ఆగి మళ్లీ కొట్టండి.

ఒక్క జాగ్రత్త. 1898లో కాఫీ తోటల కోసం ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన అక్షింతల పురుగు ఒకటుంది. దాని పిల్లపురుగు కూడా ఒళ్లంతా తెల్లటి దూదిపోగులతో అచ్చం పిండినల్లిలాగే కనబడుతుంది. కాకపోతే కాస్త పెద్దది, చురుగ్గా నడుస్తుంది. దాన్ని నలిపేయకండి, అది మన పక్షం. మందు చేయలేని పని ఇలాంటి మిత్రపురుగులు చేస్తాయి. 2008లో కోయంబత్తూరులో బయటపడ్డ బొప్పాయి పిండినల్లి మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన చిన్న కందిరీగ దాని పని పట్టింది.

ఈ మాటలు నగరంలో చెప్పేదెవరు? తెలంగాణ పల్లెల్లో రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి 2,601 రైతు వేదికలు కట్టారు, విస్తరణాధికారుల్ని పెట్టారు. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన స్థానం ఉంది. సీతాఫల్‌మండి అనే పేటే ఉన్న మన నగరంలో మాత్రం పెరట్లో చెట్టున్నవాడికి మందుల కొట్టువాడి మాటే వేదం. పైగా ఇప్పుడు ఆపిల్ మోజొకటి. ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో రైతు కేంద్రే బాలాజీ గారు ఆపిల్ కాయించి 2020లో వార్తల్లోకెక్కారు. ఆయన తోటను చూసి డాబాల మీద ఆపిల్ మొక్కలు పెట్టేవాళ్లూ ఉన్నారు. జామకాయలో పురుగెందుకు పడుతుందో చెప్పే దిక్కులేని చోట ఆపిల్ తెగుళ్ల గురించి ఎవర్నడుగుతారు?

ప్రతి వార్డు కార్యాలయంలో వారానికి ఒక పూటైనా ఉద్యానశాఖ మనిషిని కూర్చోబెట్టాలి. అంతవరకు, లేబుల్ లేని సీసాతో వచ్చినవాణ్ణి గేటు బయటే ఆపండి.