రోడ్డు మీద పడ్డ బైకు

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర జరిగింది ఒక ప్రమాదం కాదు, రెండు. మొదట ఓ బైకు డివైడరుకు కొట్టుకుంది. నడిపిన యువకుడు అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్నవాడు మిత్రుణ్ణి పక్కకు లాగి, బండిని కూడా తీసేలోపే హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు దాని మీదికెక్కిందని పోలీసులు తేల్చారు. బండిని ఈడ్చుకుపోయిన బస్సు అంటుకుంది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు.

చర్చంతా బస్సు చుట్టూనే తిరిగింది. ఎక్కడో డామన్‌లో రిజిస్ట్రేషను, సీట్లు తీసి బెర్తులు పెట్టడం, తెరుచుకోని తలుపు. అడగాల్సినవే. ఇదే రోడ్డు మీద పాలెం దగ్గర 2013లో 45 మంది వోల్వోలో కాలిపోయినప్పుడూ అడిగాం. నాలుగు రోజులు తనిఖీలు, జరిమానాలు, ఆపైన మామూలే.

మరి ఆ మొదటి ప్రమాదం మాటేమిటి? 2019 మేలో ఇదే రోడ్డు మీద వెల్దుర్తి క్రాస్ దగ్గర కూడా కథ బైకుతోనే మొదలైంది. దాన్ని తప్పించబోయిన బస్సు, నిశ్చితార్థం నుంచి తిరిగొస్తున్న గద్వాల వైపు జనం ఉన్న తుఫాను వాహనాన్ని గుద్దింది. 2021 ఫిబ్రవరిలో, ఈసారి బైకు లేకున్నా, అదే వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర, వేకువన నాలుగింటి వేళ, అజ్మీరు పోతున్న మదనపల్లె వాసుల వాహనం డివైడరు దాటి లారీని ఢీకొట్టి 14 మంది పోయారు.

రాయలసీమలో బైకు షికారు బండి కాదు. పొలానికి, సంతకు, ఆసుపత్రికి అదే దిక్కు. ఊరి పక్కన సర్వీసు రోడ్డు లేక, యూటర్న్ ఎక్కడో ఉంటే మనిషి రాంగ్ రూట్లోనే వస్తాడు. తప్పే. కానీ ఆ తప్పు చేయించేలా రోడ్డు వేసినవాళ్ల మీద కేసు ఉండదు. 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,68,491 మందిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లే. రోడ్ల నిడివిలో రెండు శాతమే ఉన్న జాతీయ రహదారుల మీద మూడో వంతుకు మించి పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది మృతులు ఎనిమిది వేలు దాటారు. ప్రమాదాల లెక్కల్లో కారణం గడిలో ఎక్కువగా ‘అతివేగం’ అనే ఉంటుంది. రాయడానికి సులువైన మాట! చీకటి, మలుపు, నిద్రమత్తు ఆ గడిలో పట్టవు.

కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాటునే చూడండి. 2024 ఆగస్టులో, మళ్లీ 2025 మేలో ఆ ఘాటులోనే లారీల పాలబడి కార్లలోని వాళ్లు చనిపోయారు. దిగుడులో బ్రేకులు వేడెక్కితే లారీ ఆగదని డ్రైవర్లందరికీ తెలుసు. ఘాటు మొదట్లోనే లారీని నిలబెట్టి బ్రేకులు చూసే ఏర్పాటు ఉండాలి.

టోలు వసూలు చేసే రహదారి మీద గస్తీ వాహనం, క్రేను, అంబులెన్సు ఉంచడం ఆ రహదారి నడిపేవాళ్ల బాధ్యత. 1033 సహాయ నంబరు అందుకే ఉంది. కర్నూలు దాటాక ఇదే బెంగళూరు రోడ్డు మీది అమకతాడు టోలుగేటులో డబ్బు కట్టే ప్రతి ఒక్కరూ, రాత్రి మూడు గంటలకు ఆ గస్తీ బండి ఎక్కడుంటుందో అడగండి.