రాళ్ళు సరే, సంచి మాటేమిటి?

పాతబస్తీలో పిత్తాశయం తీయించుకొన్నవారి ఇంటికి పరామర్శకు వెడితే ఒక్కోసారి చిన్న సీసా చూపుతారు. శాలిబండలో మా పొరుగున ఉండే పెద్దావిడ కుమారుడూ చూపాడు, "పిత్తేకే పత్థర్" అంటూ. మొత్తం పదకొండు రాళ్ళు. మరి తీసిన సంచిని పరీక్షకు పంపారా అని అడిగాను. అటువంటి పరీక్ష ఒకటి ఉందనే తమకెవరూ చెప్పలేదన్నాడు.

తీసిన ప్రతి పిత్తాశయమూ సూక్ష్మదర్శిని కిందికి వెళ్ళవలసిందేనని నా అభిప్రాయం. కొందరు శస్త్రవైద్యులు దీనికి ఒప్పుకోరు. సంచిని కోసి చూచి, అనుమానం కలిగితేనే పంపితే చాలునంటారు. పిత్తాశయ క్యాన్సరు గంగామైదానంలో ఉన్నంతగా దక్షిణాదిన లేదు కనుక ఆ వాదాన్ని తేలికగా తీసివేయలేం. కాని వారు ప్రధానంగా పరికించేది లోపొరను. అక్కడ పుట్టే అడినోకార్సినోమాయే ఎక్కువ, నిజమే. సార్కోమా దారి వేరు. అది గోడలోని కండరం, రక్తనాళం, సంధాయక కణజాలం వంటి మెత్తని ధాతువుల్లో పుడుతుంది. రాళ్ళవల్ల వాచి మందమెక్కిన గోడలో దాన్ని కంటితో పోల్చుకోవడం కష్టం. దానికంటూ ప్రత్యేక లక్షణమూ లేదు: అదే కుడిపక్క నొప్పి, అవే కామెర్లు.

(గ్రీకులో 'సార్క్స్' అంటే మాంసం. సుశ్రుతుడు చెప్పిన అర్బుదాల్లో మాంసార్బుదం ఒకటి. రెండూ ఒకటేనని అనను గాని, మాట మాత్రం మనకు సిద్ధంగా ఉంది. పదనిర్మాణప్రియులైన మిత్రులు ఆలోచించగలరు.)

పిత్తాశయ సార్కోమాను 1907లో వర్ణించినవాడు కార్ల్ లాండ్‌స్టైనర్. రక్తవర్గాలను కనిపెట్టి 1930లో నోబెల్ బహుమతి అందుకొన్న ఆయనే. ఆ తరువాత నూరేళ్ళు దాటినా వైద్యసాహిత్యంలో దీని గురించి ఉన్నవి చాలావరకు ఒక్కొక్క రోగి కథలే. అంత అరుదు కనుకనే పారవేసిన సంచి తిరిగిరాని సాక్ష్యమవుతుంది. ఆరునెలలకు రోగి కామెర్లతో రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రికి వెళ్ళవలసి వచ్చిందనుకోండి. మైనపు దిమ్మ భద్రంగా ఉంటే, దాన్నుంచి మళ్ళీ పలుచని పొరలు కోసి, డెస్మిన్ వంటి మాంసకృత్తులకు రంగుపరీక్ష చేసి, గడ్డ ఏ జాతిదో తేల్చే వీలుంటుంది. దిమ్మే లేకపోతే వైద్యులకు మిగిలేది ఊహ.

ఈ మాట శస్త్రచికిత్సకు ముందే అడగాలి. సంచిని వెంటనే ఫార్మలిన్‌లో వేయాలి. మరునాడు అడిగితే ఎక్కడ వెదుకుతారు? ఇంటికి పంపే కాగితంలో ఒక గడి చేర్చితే చాలు: సంచి ఏ ప్రయోగశాలకు వెళ్ళింది, ఏ తేదీన, ఏ సంఖ్యతో. ఆ గడి తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి.